కాలని చేతికి మంట ఎందుకు?

రెండు కిలోల పచ్చిమిరపకాయలు. పోయిన మే నెలలో ఒక ఆదివారం చల్ల మిరపకాయలు పెడదామని శ్రీకాకుళంలో మా ఇంటికి తెచ్చాను. తొడిమ ఊడకుండా ఒక్కోదానికీ పొడుగ్గా గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో పడెయ్యాలి. అంతే పని. పొద్దున్న పదింటికి చాకు పట్టుకుని కూర్చున్నవాణ్ణి పన్నెండున్నరకి లేచాను. గాట్లు పెడుతున్నంతసేపూ చేతికి ఏమీ తెలియలేదు. "నాకు కారం అంటదే అమ్మా" అని గొప్పలు కూడా పోయాను. అమ్మ నవ్వి ఊరుకుంది.

వేడన్నంలో పప్పు కలుపుతుంటే కుడిచేతి బొటనవేలి గోరు పక్కన చురుక్కుమంది. మూడింటికల్లా పది వేళ్ళూ పొయ్యి సెగలో పెట్టినట్టున్నాయి. చూస్తే ఏమీ లేదు. కొంచెం ఎరుపు, అంతే. బొబ్బ లేదు, తోలు ఊడలేదు. పరిగెత్తి కుళాయి తిప్పాను. డాబా మీది ట్యాంకు నీళ్ళు చేతుల మీద పడగానే అరిచినంత పనైంది.

ఇక వైద్యులు బయల్దేరారు. అమ్మ నూనె గిన్నె తెచ్చింది. విజయనగరంలో ఉన్న మా అప్ప (అక్కని మేము అలాగే పిలుస్తాం) ఫోన్లో, "సింతపండు రుద్దరా, కంద దురదకి అదే కదా మందు" అంది. పక్కింటి పిన్ని పెరుగులో పెట్టమంది. పలాసలో పనిచేసే స్నేహితుడు బూడిద అన్నాడు. వీధి చివర మందుల షాపులో కుర్రాడు కాలిన గాయాలకి రాసే ట్యూబు ఇచ్చాడు. అందరూ నమ్మకంగానే చెప్పారు. ఆ మధ్యాహ్నం అన్నీ వరసగా ప్రయత్నించాను కాబట్టి ఏది ఎందుకు పనిచేసిందో, ఏది ఎందుకు చెడగొట్టిందో తర్వాత కూర్చుని చదువుకున్నాను. ఈ సలహాల్లో చాలావాటికి ఒక ఆధారం ఉంది. కాకపోతే కొన్ని వేరే మంటలకు చెందినవి.

ముందు ఆ మంట సంగతి. మిరపకాయలో కారం అనిపించే పదార్థం పేరు క్యాప్సైసిన్. దానికి దగ్గరి చుట్టాలు ఇంకొన్ని ఉన్నాయి గానీ పెత్తనం దానిదే. చాలామంది కారం గింజల్లో ఉంటుందనుకుంటారు. నిజానికి అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. గింజకి పూసుకునేది ఆ పొర నుంచే. అందుకే ఊరికే పట్టుకుంటే ఏమీ కాని కాయ, గాటు పెట్టి తెరిస్తే చెయ్యంతా పాకిస్తుంది. నేను తెరిచినవి కొన్ని వందల కాయలు. ప్రతిసారీ ఎడమచేతి బొటనవేలితో కాయని విప్పి పట్టుకున్నాను, ఆ తెల్లపొర మీదే.

మన నోట్లో, చర్మంలో, కంట్లో ఉన్న నొప్పి నరాల కొసల మీద చిన్న తలుపుల్లాంటి ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని టీఆర్‌పీవీ1 అంటారు. దాని అసలు పని వేడిని పట్టడం. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే తెరుచుకుని, కాల్షియం, సోడియం అయాన్లను లోపలికి వదిలి, "కాలుతోంది, చెయ్యి తియ్యి" అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ దగ్గర ఆ తలుపుకి దొంగతాళం ఉంది. వేడి లేకపోయినా తెరిచేస్తుంది. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం ఈ ప్రొటీన్‌ని పట్టుకుంది. మిరపకాయ కారాన్నే ఎరగా వాడి పట్టుకున్నారు. 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనకీ, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి ఇచ్చారు.

పొయ్యిలోదీ మంటే, చేతిలోదీ మంటే. తెలుగులో రెంటికీ ఒకటే మాట. నరానికి కూడా రెంటికీ ఒకటే తలుపు.

కాబట్టి నా చెయ్యి కాలలేదు. కాలిందని నరం అబద్ధం చెబుతోంది. ఎరుపు మాత్రం నిజమే. నరాల కొసలు వదిలే రసాయనాల వల్ల అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, చర్మం ఎర్రబడి వెచ్చగా తయారవుతుంది. ఇది తెలిస్తే మందుల షాపు ట్యూబు సంగతి తేలిపోతుంది. కాలిన పుండుకి చీము పట్టకుండా చూసే మందు, పుండే లేని చేతికి ఏం చేస్తుంది? అలర్జీ మాత్ర కూడా అంతే. ఇది అలర్జీ కాదు.

డాబా ట్యాంకు నీళ్ళు అంత బాధ ఎందుకు పెట్టాయో కూడా ఇక్కడే దొరుకుతుంది. క్యాప్సైసిన్ తగులుకున్నాక ఆ తలుపు మామూలు కంటే తక్కువ వేడికే తెరుచుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు కూడా సలసల కాగేవాటిలా అనిపిస్తాయి. మే నెల మధ్యాహ్నం మూడింటికి మన డాబాల మీది నల్ల ట్యాంకుల్లో నీళ్ళు గోరువెచ్చగా ఉండవని వేరే చెప్పాలా? అదే కుండలో నీళ్ళు పోసుకుంటే ప్రాణం లేచొచ్చింది. రాత్రి దుప్పట్లో చేతులు వెచ్చబడగానే మంట మళ్ళీ రావడం, మర్నాడు వేణ్ణీళ్ళ స్నానంలో ఇంకోసారి పలకరించడం కూడా ఈ లెక్కే. చాలామంది "తగ్గిపోయింది, మళ్ళీ వచ్చింది" అని బెంగపడేది ఇందుకే. అది కొత్త మంట కాదు, ఇంకా వదలని పాతదే.

ఆలస్యం ఎందుకు అంటారా. అరచేతి తోలు మందం. మరీ పని చేసిన చేతులకైతే ఇంకా మందం. క్యాప్సైసిన్ ఆ పై పొరలోంచి మెల్లగా దిగి నరం దాకా వెళ్ళాలి. ఆ లోపల మనం "నాకు అంటదు" అనుకుంటాం. గోటి అంచులు, వేళ్ళ సందులు, ఎక్కడైనా చిన్న గీతలు ఉంటే ముందు అక్కడ తెలుస్తుంది. ఇందులో చిక్కేమిటంటే, మంట మొదలయ్యేసరికి సగం సరుకు లోపలికి దిగిపోయి ఉంటుంది. కడగాల్సింది మంట పుట్టాక కాదు, పని అవగానే. పన్నెండున్నరకి లేచి నేను చేసింది ఏమిటంటే, చేతులు నీళ్ళలో జాడించి తువ్వాలుకి తుడుచుకోవడం. ఆ తువ్వాలుతో సాయంత్రం మొహం తుడుచుకున్న కథ వేరే ఉంది, అది చెప్పను.

ఇక అసలు చిక్కుముడి. మంట తగ్గించడం అని మనం ఒక్క మాటలో అంటాం గానీ, అందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, చేతికి అంటిన సరుకుని వదిలించడం. రెండు, ఇప్పటికే లోపలికి దిగినదాని వల్ల గోలపెడుతున్న నరాన్ని కాసేపు ఊరుకోబెట్టడం. మొదటిదానికి పనికొచ్చేది రెండోదానికి పనికిరాకపోవచ్చు. ఇంటి చిట్కాల్లో తగువంతా ఈ రెండూ కలిపేయడం వల్లే.

వదిలించే పని చూద్దాం. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు అనుకోవచ్చు. నూనెలో, కొవ్వులో, స్పిరిట్‌లో కరుగుతుంది. గానుగ మీద పనిచేసినవాడి చేతి జిడ్డు ఉత్త నీళ్ళకు పోతుందా? అలాంటిదే ఇది. ఉత్త నీళ్ళతో కడిగితే జిడ్డు కదిలి పక్క వేళ్ళకు కూడా పూసుకుంటుంది. అమ్మ తెచ్చిన నూనె అందుకే తెలివైనది. నువ్వుల నూనో, కొబ్బరినూనో, ఏదైనా పరవాలేదు. అది చేతి మీది కారాన్ని తనలోకి లాక్కుంటుంది.

కానీ నేను చేసిన తప్పు ఇక్కడే. నూనె రాసుకుని అలాగే కూర్చున్నాను, మందు రాసుకున్నట్టు. నూనె మందు కాదు, బండి. సరుకు ఎక్కించుకున్న బండిని ఇంట్లోంచి పంపెయ్యాలి. రాసి, గోళ్ళ అంచుల దాకా ఒకటి రెండు నిమిషాలు రుద్ది, పాత గుడ్డతో గట్టిగా తుడిచేసి, ఆ గుడ్డ ఎవరూ ముట్టుకోకుండా పడెయ్యాలి. వెంటనే గిన్నెలు తోమే సబ్బుతో, కుండ నీళ్ళతో కడగాలి. ఒంటి సబ్బు కంటే గిన్నెల సబ్బు నయం, జిడ్డు మీద దానికి పట్టు ఎక్కువ. సబ్బుని ముందు పొడి చేతికే రాసి రుద్ది, ఆ తర్వాత నీళ్ళు పోసుకుంటే ఇంకా బాగుంటుంది. గోళ్ళ కిందకి పాత టూత్‌బ్రష్ కావాలి. అక్కడ మిగిలిన చిటికెడు చాలు, రాత్రంతా జాగారం చేయిస్తుంది. ఇదంతా రెండు మూడుసార్లు చెయ్యాలి. పోయిందో లేదో తెలియాలంటే వేలి కొసని నాలుక చివర ఆనించి చూడటమే. చెయ్యి చెప్పలేనిది నాలుక చెప్పేస్తుంది.

ఈ నూనె సంగతి మన వంటిళ్ళలోనే కాదు, ప్రయోగంలో కూడా చూశారు. 1981లో ఒక అమెరికా వైద్య పత్రికలో, చైనా హునాన్ వంటకం కోసం మిరపకాయలు కోసినవారి చేతి మంటకి "హునాన్ హ్యాండ్" అని పేరు పెట్టారు. (గుంటూరు చూసి ఉంటే ఆ పేరు హునాన్‌కి దక్కేది కాదు.) 1987లో, మిరప బాగా పండే న్యూ మెక్సికోలో, చల్లటి నీళ్ళలో చేతులు ముంచడాన్నీ వంటనూనెలో ముంచడాన్నీ పోల్చి చూశారు. నూనెలో ముంచినప్పుడు ఉపశమనం ఎక్కువసేపు నిలిచింది. నీళ్ళు ఉన్నంతసేపే హాయి.

స్పిరిట్ కూడా ఇలాంటి బండే. 1912లో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు మిరప ఘాటుకి కొలత కనిపెట్టినప్పుడు, కాయలోంచి కారాన్ని ముందు ఆల్కహాల్‌లోకే దించాడు. ఈ లెక్కన శానిటైజర్ పనిచెయ్యాలి, కొంత చేస్తుంది కూడా. కాకపోతే అది రాసిన పది క్షణాల్లో ఆరిపోతుంది, కారం చేతి మీదే మిగులుతుంది. తడిగా ఉండగానే తుడిచేస్తేనే లాభం. పైగా ఆల్కహాల్ తనంతట తానే ఆ మంట తలుపుని కొంచెం రెచ్చగొడుతుంది. గీతలు పడ్డ చేతికి అస్సలు వద్దు. పొయ్యి దగ్గర అంతకన్నా వద్దు. నన్నడిగితే నూనె, సబ్బు ఉండగా దాని జోలికి పోనక్కర్లేదు.

పెరుగు గురించి పిన్ని చెప్పింది రెండు పనులకీ కొంచెం కొంచెం పనికొస్తుంది. పాలల్లో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ క్యాప్సైసిన్‌ని పట్టుకుంటుంది. నోరు మండితే నీళ్ళ కంటే పాలు, పెరుగు నయం అనేది అందుకే. పెరుగులో కాస్త కొవ్వు కూడా ఉంటుంది. అన్నిటికీ మించి ఫ్రిజ్‌లోంచి తీసింది కాబట్టి చల్లగా ఉంటుంది. నాకు ఆ మధ్యాహ్నం అన్నిటికన్నా హాయి ఇచ్చింది పెరుగు గిన్నే. తీశాక పావుగంటకి మంట మళ్ళీ వచ్చింది. అందుకని పెరుగుని తప్పు పట్టను, అది నరాన్ని ఊరుకోబెట్టే కోవలోది. ముందు నూనె, సబ్బు అయ్యాక పెరుగులో పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. నేను తిరగేసి చేశాను. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. వంటింట్లో రెండడుగుల దూరంలో నా మిరపకాయలు మజ్జిగ జాడీలో నానుతున్నాయి, ఇవతల నా వేళ్ళు పెరుగులో నానుతున్నాయి. ఇద్దరికీ ఒకటే వైద్యం.

ఇప్పుడు మా అప్ప చింతపండు. కంద కోస్తే చెయ్యి దురద పెడుతుంది, నిజమే. దానికి చింతపండు రుద్దుతారు, అదీ నిజమే. కానీ కందలో ఉండేది క్యాప్సైసిన్ కాదు. కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, కంటికి కనపడనంత సన్నటి సూదులు. అవి తోలులో గుచ్చుకుంటాయి. పులుపుతో కంద దురదకి మేలని మన పెద్దలు పట్టుకున్నారు, కందకి చింతపులుసు పోసి వండేదీ అందుకే. మిరపకి ఆ సూదులు లేవు. పులుపు క్యాప్సైసిన్‌ని విరిచెయ్యదు. పైగా ఇందాకటి తలుపు ఘాటైన పులుపుకి కూడా తెరుచుకుంటుంది. అప్పటికే ఎర్రబడి ఉన్న చేతికి నిమ్మచెక్క, వెనిగర్, చింతపండు రుద్దితే తాటాకు మంటకి గాలి విసిరినట్టే. నేను రుద్దాను. అప్పకి చెప్పలేదు, తగ్గిందనే అన్నాను.

పలాస స్నేహితుడి బూడిద కథ ఇంకా లోతైనది. పలాస అంటే జీడిపప్పు. జీడిగింజ పెంకులో ఉండే నూనె, మిరపలా ఆటపట్టించే రకం కాదు. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ లాంటివి ఉంటాయి. అవి చర్మాన్ని నిజంగానే కాలుస్తాయి. వేళ్ళు నల్లబడతాయి, తోలు పొరలు పొరలుగా లేస్తుంది, బొబ్బలు వస్తాయి. అందుకే జీడి ఒలిచే పనివాళ్ళు పనికి ముందే చేతులకి నూనెగానీ బూడిదగానీ పట్టించుకుంటారు, పెంకు నూనె తోలుకి తగలకుండా అడ్డం. అక్కడ బూడిద కవచం. మిరపకి, అదీ మంట మొదలయ్యాక, బూడిద వేసి రుద్దడం అంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. తోలు గీసుకుని కారానికి ఇంకో దారి తెరుచుకుంటుంది. అయితే స్నేహితుడి సలహాలో ఒక ముక్క తీసుకోదగ్గది ఉంది. పనికి ముందే చేతులకి నూనె పట్టించడం మిరపకి కూడా పనికొస్తుంది. పని అవగానే ఆ నూనెతో సహా సబ్బుతో కడిగేస్తే సరుకంతా దానితో పోతుంది.

గ్లవ్స్ వేసుకుంటే ఈ బాధే లేదు కదా అంటారు. వేసుకోండి. కానీ పలచటి రబ్బరు గ్లవ్స్ నూనె జిడ్డుకి మెత్తబడతాయి. చాకు కొస తగిలి చిల్లి పడితే కారం లోపల చేరి చెమటతో ఉడుకుతుంది, అది ఇంకా ఘోరం. తీసేటప్పుడు లోపలివైపు తిరగబడేలా తియ్యాలి, పైవైపు ముట్టుకోకూడదు.

బామ్‌లు. దాదాపు ప్రతి ఇంట్లో తలనొప్పి బామ్ ఉంటుంది, చల్లగా ఉంటుందని చేతికి రాసేస్తారు. మెంథాల్ చల్లదనం చెప్పే వేరే తలుపుని తెరుస్తుంది, ఆ మేరకు హాయే. కానీ చాలా బామ్‌లలో కర్పూరం కూడా ఉంటుంది. కర్పూరం మంట తలుపు దగ్గరకే వెళ్ళి తడుతుంది. ఇక కీళ్ళనొప్పులకి రాసే కొన్ని క్రీముల్లో మందే క్యాప్సైసిన్. డబ్బా మీద చదవకుండా అది రాసుకున్నామంటే మన పని అయిపోయినట్టే. ఐసు అయితే గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు. గడ్డ నేరుగా చేతికి పెట్టి అరగంట కూర్చుంటే మొద్దుబారిన తోలు నిజంగానే దెబ్బతింటుంది.

మరి ఇవన్నీ సరిగ్గా చేస్తే మంట ఠక్కున పోతుందా? పోదు. ఈ ముక్క ఎవరూ చెప్పరు. 2008లో ఒక ప్రయోగం అచ్చయింది. పోలీసులు వాడే పెప్పర్ స్ప్రే, అంటే మిరప సారమే, 49 మంది మొహానికి తగిలించి ఐదు రకాల ఉపశమనాలు చూశారు. కడుపుమంటకి తాగే యాంటాసిడ్, మొద్దుబార్చే లిడోకైన్ జెల్, పిల్లల షాంపూ, పాలు, నీళ్ళు. ఐదింటిలో ఏదీ మిగతావాటిని గెలవలేదు. అందరికీ మంట తగ్గింది కాలం గడిచేకొద్దీనే. అది మొహం, మనది చెయ్యి. అయినా ఇంటి చిట్కాల్లో సగం పేరు ఎందుకొస్తుందో ఇది చెబుతుంది. నాలుగు గంటలు మండి ఎలాగూ తగ్గబోయే మంటకి, మూడున్నర గంటల దగ్గర ఏది రాస్తే అదే మందు అనిపించుకుంటుంది. వదిలించే పని మాత్రం వీలైనంత తొందరగా, ఒకటికి రెండుసార్లు చెయ్యాలి. అది అయ్యాక చల్లటి నీళ్ళో, పెరుగో, ఫ్యాను గాలో, ఏది హాయిగా ఉంటే అది. మరీ నిద్రపట్టకపోతే, పడేవాళ్ళు ఒక పారాసెటమాల్ వేసుకోవచ్చు.

కన్ను విషయంలో ఇప్పటిదాకా చెప్పిన నూనె, సబ్బు, పెరుగు ఏవీ పనికిరావు. కంట్లో కారం పడితే మామూలు శుభ్రమైన నీళ్ళే, ధారగా, పావుగంటసేపు, రెప్ప తెరిచి పట్టుకుని. కాంటాక్ట్ లెన్సులుంటే ముందు శుభ్రమైన చేతులున్న వేరేవాళ్ళ సాయంతో తీయించాలి. అవి పారెయ్యడమే మంచిది. కడిగాక కూడా నొప్పి, మసక తగ్గకపోతే కళ్ళ డాక్టరే. చేతి మంటకైతే బొబ్బలు లేచినా, మర్నాటికీ అంతే మండుతున్నా ఆస్పత్రికి వెళ్ళాలి. కారం కొట్టించి వచ్చిన రోజున చంటిపిల్లల్ని ఎత్తుకునే ముందు, పాలిచ్చే ముందు అయితే చేతులు కడగడం, చీర మార్చుకోవడం రెండూ తప్పనిసరి. చెయ్యి కడిగినా పమిటకొంగుకి పట్టిన కారం పిల్ల మొహానికి తగులుతుంది.

మరి అమ్మ? ఆవిడ ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు ఒంటిచేత్తో తొడిమలు తీస్తుంది. ఒక్కనాడు మంట అని అనగా వినలేదు. ఓర్పు అనుకునేవాణ్ణి. ఓర్పు కూడా ఉండొచ్చు గానీ, పదే పదే క్యాప్సైసిన్ తగిలితే ఆ నరాల కొసలు అలిసిపోయి కబురు పంపడం మానేస్తాయి. కొన్నాళ్ళు తగలకపోతే మళ్ళీ తేరుకుంటాయి. ఈ గుణాన్నే వైద్యంలోకి తీసుకున్నారు. అక్కి వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి ఉండిపోయే నరాల నొప్పికి 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని అమెరికాలో 2009లో అనుమతించారు. మంట పుట్టించేదే నొప్పిని అణుస్తుంది.

అయితే వేడిని చెప్పాల్సింది కూడా ఆ నరాలే. చల్ల మిరపకాయలు ఎండాక మొదటిసారి వేయించిన రోజు, అమ్మ పొయ్యి మీది మూకుడిని మసిగుడ్డ లేకుండా రెండు వేళ్ళతో పట్టి దించింది. "సెయ్యి కాలదేటే అమ్మా?" అన్నాను. ఏటి కాలడం అన్నట్టు చూసి, పళ్ళెం నా ముందుకి తోసింది.